‘పాతవి ఆడతాయా అన్నా?’

(బెంగళూరు మారతహళ్ళిలో, తెలుగువాళ్ళ ఆదివారం కూడికలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక వరసలో పిల్లలకి వినిపిస్తే చాలు, ముందున్న పెద్దలు ఎలాగూ వింటారు.

పోయిన నెల ఇదే హాల్లో డాక్టరుగారు షుగరు గురించి మాట్లాడారు. ఈసారి వీడియో గేములు అనేసరికి కొందరు పెద్దవాళ్ళు మొహం చిట్లించారని తెలిసింది. నేను ఆటలు నేర్పడానికి రాలేదండీ. కొత్త వస్తువు వచ్చినప్పుడు పాతదాని మీద పెట్టిన డబ్బు ఏమవుతుంది, ఆ బెంగ కొత్తదాని అమ్మకాన్ని ఎంత లాగుతుంది, ఎంత ఆపుతుంది అన్నదే నా మాట. ఇది మీకు తెలియంది కాదు. కొత్త మిక్సీ కొనేటప్పుడు ‘పాత జార్లు దీనికి పడతాయా?’ అని అడగని ఇల్లాలు ఉందా?

మాది హిందూపురం. 2003లో బెంగళూరు వచ్చి, మెజెస్టిక్ వైపు ఒక గేముల కొట్లో ఆరేళ్ళు కౌంటర్లో నిలబడ్డాను. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఏ ఊళ్ళో ఏ సరుకు ఎంత పోతుందో ముందుగా అంచనా కట్టే పని. కౌంటర్లో ఉన్నప్పుడు మనుషులు కనిపించేవాళ్ళు, లెక్కలు కనిపించేవి కావు. ఇప్పుడు లెక్కలే తప్ప మనిషి కనిపించడు. రెండూ చూసినవాణ్ణని పిలిచారనుకుంటా.

కౌంటర్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ధర. రెండో ప్రశ్న ‘పాతవి ఆడతాయా అన్నా?’ బెంగళూరు కదా, కన్నడంలో ‘హళే సీడీ ఓడుత్తా?’, తమిళంలో ‘పళసు ఓడుమా?’ భాష మారేది, ప్రశ్న మారేది కాదు. దీనికి కంపెనీలు పెట్టుకున్న పేరు బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ. నోరు తిరగదు. నేను ‘పాతవి ఆడటం’ అనే అంటాను, ఏమనుకోకండి.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెప్తాను. కన్సోల్ అంటే టీవీకి తగిలించి వీడియో గేములు ఆడుకునే పెట్టె. ఆటలు లేకపోతే అది టీవీ కింద పెట్టుకున్న ఇటుక. కంపెనీకి కూడా పెట్టె మీద పెద్దగా మిగలదు, ఒక్కోసారి నష్టానికే అమ్ముతారు. అమ్ముడైన ప్రతి ఆటలోనూ వాటా తీసుకుంటారు, అసలు సంపాదన అదే. సరే, కొత్త పెట్టె బజారుకొచ్చిన రోజు దానికి ఆటలు ఎన్నుంటాయి? పది, పదిహేను. ఆటలు తయారుచేసేవాళ్ళు ‘ముందు జనం కొననీ, తర్వాత చేద్దాం’ అంటారు. జనం ‘ముందు ఆటలు రానీ, తర్వాత కొందాం’ అంటారు. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు. ఈ ముడి విప్పడానికి కంపెనీకి ఉన్న ఉపాయాల్లో ఒకటి పాతవి ఆడనివ్వడం. మీ అలమరలో ఇప్పటికే ముప్పై ఆటలుంటే, మా పెట్టె మొదటి రోజే ముప్పై ఆటలున్న పెట్టె అయిపోతుంది, కాచుకోవాల్సిన పని లేదు అని చెప్పడం.

ఇది మనకు చిన్నప్పుడే తెలుసు, పేరే తెలీదు. మా వయసువాళ్ళు చేతులెత్తండి, ఇంట్లో క్యాసెట్ పెట్టే టీవీ గేము ఎవరికుండేది? చూశారా, సగం హాలు. అవన్నీ నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్ళు. పెట్టె మీద ఏ పేరున్నా, ఏ తిరణాలలో కొన్నా, లోపల పద్ధతి ఒకటే. అందుకే మా మామయ్య వాళ్ళింట్లో క్యాసెట్ మా ఇంట్లో పెట్టెకి పట్టేది. పెట్టె చెడిపోతే ఇంకొకటి కొన్నాం, క్యాసెట్లు అలాగే ఉండిపోయాయి. మా అమ్మ మూడు పెట్టెలు కొంది. ఒక్కసారి కూడా తిట్టలేదు. క్యాసెట్లు పనికిరాకుండా పోయుంటే రెండో పెట్టె వచ్చేదే కాదు, అది మాత్రం రాసిస్తాను.

కానీ ఆ అసలు కంపెనీ ఏం చేసింది? 1990లో సూపర్ ఫామికామ్ తెచ్చింది. దాంట్లో పెట్టిన ప్రాసెసర్, అంటే పెట్టెకి మెదడు లాంటి చిప్, 65సీ816 కుటుంబంది. పాత పెట్టెలో ఉన్న 6502 రకం ప్రాసెసర్ ఆదేశాలు కూడా నడపగలిగేది. అంటే సగం దారి వేసే ఉంది. అయినా పాత క్యాసెట్లు ఆడనివ్వలేదు. మొదటిది ప్రపంచమంతా కలిపి 6.19 కోట్లు అమ్మితే, రెండోది 4.91 కోట్ల దగ్గర ఆగింది. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘పాతవి ఆడనివ్వలేదు, అందుకే తగ్గింది’ అని నేను అనడం లేదు. మధ్యలో సెగా అనే ఇంకో కంపెనీ వచ్చింది, గట్టి పోటీ ఇచ్చింది. ఆ సెగా అయితే తన కొత్త పెట్టె మెగా డ్రైవ్‌లో, పాత పెట్టె మాస్టర్ సిస్టమ్ ప్రాసెసర్‌నే, జెడ్80ని, శబ్దం పనికి పెట్టుకుంది. చిన్న అడాప్టర్ తగిలిస్తే పాత ఆటలు ఆడేవి. దానివల్ల అమెరికాలో అమ్మకాలు పెరిగాయా అంటే, నాకు నమ్మకం లేదు. ఎందుకంటే అక్కడ మాస్టర్ సిస్టమ్ కొన్నవాళ్ళే తక్కువ. అలమర ఖాళీగా ఉన్నవాడికి అలమర తాళం ఇస్తే ఏం చేసుకుంటాడు?

ఈ అలమర సంగతి గుర్తుపెట్టుకోండి. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

అలమర నిండుగా ఉంటే ఏమవుతుందో చేతిలో పట్టుకునే కన్సోళ్ళు చూపించాయి. నింటెండో గేమ్ బాయ్ 1989లో వచ్చింది, రంగుల గేమ్ బాయ్ 1998లో. రెండూ కలిపి 11.87 కోట్లు. 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ వచ్చింది. పాత క్యాసెట్లూ ఆడేది, కొత్తవీ ఆడేది. ఇదిగో, ఒకటి తెచ్చాను. మా చెల్లెలి కొడుకుది, ఇంకా పనిచేస్తుంది. పిల్లలూ, ముందుకు రండి. ఈ గాడిలోకి వేలు పెట్టకుండా టార్చి వేసి చూడండి, మూలలో చిన్న మీట కనిపిస్తుంది. పాత క్యాసెట్ మూల పూర్తిగా ఉంటుంది, లోపలికి తోస్తే మీటని నొక్కుతుంది. కొత్త క్యాసెట్‌కి అక్కడ నొక్కు పెట్టారు, మీటకి తగలదు. పాతది 5 వోల్టుల సరుకు, కొత్తది 3.3. మీట నొక్కుకుంటే పెట్టె ‘ఓహో, పాత చుట్టం వచ్చాడు’ అనుకుని కరెంటు మార్చి, లోపలున్న పాత ప్రాసెసర్‌ని లేపుతుంది. ఇంత చేసి, కొన్నవాడికి ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. పెట్టాడు, ఆడింది. ఆరేళ్ళ పిల్లాడికి వోల్టుల గొడవ అక్కర్లేకుండా చేశారు చూడండి, నాకు ఆ పనితనం మీద ఇప్పటికీ మోజు పోలేదు.

దాని తర్వాత డీఎస్. 2004. అందులో రెండు ప్రాసెసర్లు. చిన్నది గేమ్ బాయ్ అడ్వాన్స్‌లో ఉన్న రకమే. డీఎస్ ఆటలప్పుడు అది పక్క పనులు చూసుకుంటుంది, అడ్వాన్స్ క్యాసెట్ పెడితే అదే పెద్ద దిక్కు. డీఎస్ 15.40 కోట్లు పోయింది.

ఇదే ఎత్తు సోనీ అంతకు నాలుగేళ్ళ ముందే వేసింది. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నా జీతం వచ్చింది దీని మీదే. ప్లేస్టేషన్ 1 పది కోట్లు దాటి అమ్ముడైంది. దాంట్లో ఉన్న ప్రాసెసర్‌ని ప్లేస్టేషన్ 2లో, అంటే పీఎస్2లో, పారేయలేదు. మామూలుగా రిమోట్లు, మెమరీ కార్డులు చూసుకునే గుమాస్తా పని ఇచ్చారు. పాత సీడీ పెట్టిన క్షణం ఆ గుమాస్తా లేచి యజమాని కుర్చీలో కూర్చుంటాడు. విడిగా ఒక చిప్ పెట్టి దానికి డబ్బు పోయలేదు, ఉన్నవాడి చేతే రెండు పనులూ చేయించారు. 2000 మార్చి 4న జపాన్‌లో దింపితే, మొదటి వారాంతంలోనే దాదాపు 9.8 లక్షలు పోయాయి. అప్పటికి చెప్పుకోదగ్గ కొత్త ఆటలు లేవు. మరి ఎందుకు కొన్నారు? డీవీడీ ఆడుతుందని చాలామంది. సినిమాలు చూడటానికి కొన్నవాళ్ళు బోలెడు. మిగతావాళ్ళకి, కొత్త ఆటలు వచ్చేలోగా పాతవి ఉన్నాయి. చివరికి పీఎస్2 మొత్తం 16 కోట్లని సోనీ లెక్క చెప్పింది. ఇంట్లో టీవీకి పెట్టే కన్సోళ్ళలో దాన్ని మించింది లేదు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉండేది, కౌంటర్లో రోజూ చెప్పేవాణ్ణి. పీఎస్2 మెమరీ కార్డు 8 ఎంబీ. పీఎస్1 కార్డు 128 కేబీ. కొత్త కార్డు అంత పెద్దది కదా అని పాతది పారేస్తారు జనం. కానీ పాత ఆట తన సేవింగు కోసం పాత కార్డునే వెతుక్కుంటుంది. ఆరు నెలలు ఆడి తెచ్చుకున్న స్థాయి పోయిందని ఒక కాలేజీ కుర్రాడు కౌంటర్ ముందు నిలబడి ఏడ్చినంత పని చేశాడు. అప్పటినుంచి ప్రతి పీఎస్2 డబ్బా మీద స్కెచ్ పెన్నుతో రాసిచ్చేవాణ్ణి: పాత కార్డు దాచుకోండి.

సరే, 2006కి వద్దాం. పీఎస్3. మొదట వచ్చిన పెట్టెల్లో పీఎస్2 లోపలి చిప్పులు రెండూ పెట్టారు. ఈసారి గుమాస్తా పని కూడా లేదు, పాత ఆటల కోసమే కూర్చోబెట్టి మేపడం. 60 జీబీ మోడల్ అమెరికాలో 599 డాలర్లు. జనం గుండె పట్టుకున్నారు. 2007 మార్చిలో యూరప్‌కి పంపిన వాటిలో ఒక చిప్ తీసేసి, సగం పని సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు. అదే ఏడాది చివర్లో వచ్చిన 40 జీబీ మోడల్‌లో పీఎస్2 ఆటలు పూర్తిగా బంద్. పీఎస్1 ఆటలు మాత్రం ఆడేవి. ధర 399 డాలర్లు.

ఇక్కడ మనిషి ఒకాయన గుర్తొస్తాడు. 2008 వేసవి. మదనపల్లె నుంచి వచ్చాడు, పక్కన పదో తరగతి అయిపోయిన కొడుకు. చేతిలో బట్టల కొట్టు సంచి, నిండా పీఎస్2 సీడీలు. మార్కులు బాగా వస్తే పీఎస్3 కొనిస్తానని మాటిచ్చాడట. వాడు తెచ్చుకున్నాడు. ఆయన సంచి కౌంటర్ మీద కుమ్మరించి అడిగాడు, ఇవన్నీ ఆడతాయా అని. ఏ మోడల్‌లో ఏది ఆడుతుందో నేను పావుగంట విడమరిచి చెప్పాను, మా దగ్గర ఉన్నది ఆడని మోడలే అని కూడా చెప్పాను. ఆయన అన్నాడు: ‘నాయనా, పాతది అమ్మితేగానీ కొత్తది రాదు మాకు. పాతది అమ్మేసినాక ఇవి ఆడకపోతే ఈ సంచి నేనేం చేసుకునేది?’ పిల్లాడి మొహం చూడలేకపోయాను. వాళ్ళు ఒక రిమోటు కొనుక్కుని వెళ్ళిపోయారు.

నాకు ఆ రోజు తెలిసింది మీకు చెప్తాను. అమెరికాలో రాసేవాళ్ళు ‘పాత కన్సోల్ ఇంట్లో ఉందిగా, పాతవి దాంట్లో ఆడుకోండి, కొత్తదాంట్లో ఎందుకు?’ అంటారు. ఉంచుకునేవాడికి ఆ మాట సరిపోతుంది. మన దగ్గర పాతది ఎక్స్‌చేంజ్‌లో పోతుంది, లేదా తమ్ముడికి పోతుంది, లేదా ఊళ్ళో మేనల్లుడికి పోతుంది. పాత పెట్టె ధర కొత్తదానికి మొదటి కంతు. అందుకని ఇక్కడ పాతవి ఆడటం సరదా కాదు, లెక్కలో ఒక అంకె. నా కళ్ళముందు కొనుగోలు ఆగింది దాని వల్ల.

మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది, దాచేదేముంది. చిప్ వేయించిన పీఎస్2లు, వాటిలో ఆడే కాపీ సీడీలు. ఒరిజినల్ ఒకటి కొనే డబ్బుకి సంచెడు వచ్చేవి. అవి ఏ పీఎస్3లోనూ ఆడేవి కావు, మొదటి మోడల్ అయినా సరే. అంటే మన అలమరలు పెద్దవి, కానీ ఆ అలమర సరుకు కొత్త ఇంటికి రాదు. పీఎస్2 మన దేశంలో అన్నేళ్ళు బతకడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. 2009లో హైదరాబాదులో తయారైన హనుమాన్ ఆట ఏ పెట్టె మీద వచ్చిందనుకున్నారు? పీఎస్2 మీద. పీఎస్3 పుట్టి అప్పటికి మూడేళ్ళు.

మరి పాత ఆటలు తీసేయడం వల్ల పీఎస్3 దెబ్బతిన్నదా? నిజాయితీగా చెప్పాలంటే, ప్రపంచం మొత్తం మీద చూస్తే, ధర తగ్గించడం వల్ల వచ్చినవాళ్ళు పాతవి తీసేయడం వల్ల పోయినవాళ్ళ కంటే ఎక్కువే. 2009లో సన్న మోడల్ 299 డాలర్లకి రాగానే అమ్మకం లేచింది, దాంట్లోనూ పీఎస్2 ఆటలు లేవు. చివరికి 8.74 కోట్లు. పీఎస్2తో పోలిస్తే సగం కాస్త పైన. ఆ పోయిన సగంలో ఎక్కువ భాగం ధర తిన్నది. మిగిలింది ఎవరు తిన్నారంటే, నా ఊహ ఇది: పాత అలమర ఎలాగూ పనికిరాదని తేలినవాడికి సోనీ అయినా ఒకటే, మైక్రోసాఫ్ట్ అయినా ఒకటే. కట్టు తెగిపోయిన ఎద్దు ఏ చేలోకైనా వెళ్తుంది.

ఇక వ్యతిరేక సాక్ష్యం. ఇది చెప్పకపోతే మీలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. నింటెండో వీ. 2006లో వచ్చింది, పాత గేమ్‌క్యూబ్ ఆటలు ఆడేది. గేమ్‌క్యూబ్ అమ్మింది 2.17 కోట్లే, వీ అమ్మింది 10.16 కోట్లు. అంటే వీ కొన్నవాళ్ళలో అత్యధికులకు గేమ్‌క్యూబ్ అలమర లేనే లేదు. దాని తర్వాత 2012లో వీ యూ. ఇది వీ ఆటలు దాదాపు అన్నీ ఆడుతుంది, వీ రిమోట్లు కూడా పనిచేస్తాయి. పది కోట్ల ఇళ్ళు పునాది. ఎన్ని అమ్మింది? 1.36 కోట్లు. ఘోరం. ఆ తర్వాత 2017లో స్విచ్. వీ యూ డిస్కు పెట్టడానికి దాంట్లో సందు కూడా లేదు. అది 15 కోట్లు దాటింది.

అయితే పాతవి ఆడటం దండగేనా? నేను అలమర వైపు చూడమంటాను. వీ కొన్న ఇంట్లో అలమరలో ఏముంది? జపాన్ బయట చాలాచోట్ల పెట్టెతో పాటే ఇచ్చిన టెన్నిస్, బౌలింగు ఆటల డిస్కు ఒకటి. అమ్మమ్మలు, తాతలు కూడా ఆడిన పెట్టె అది. సంక్రాంతికి చుట్టాలొస్తే తీస్తారు, మళ్ళీ లోపల పెడతారు. వాళ్ళకి వీ యూ అనేది కొత్త పెట్టె అనే తెలియలేదు, పాత వీకి కొత్త పలక వచ్చిందనుకున్నవాళ్ళు ఎందరో. పోగొట్టుకుంటాం అనే బెంగ లేనివాడికి ‘పోదులే’ అని ధైర్యం చెప్తే ఏం లాభం? స్విచ్ కొన్నవాళ్ళ సంగతి వేరు. ఎనిమిదేళ్ళు కొంటూనే ఉన్నారు. అలమరలు నిండాయి. అందుకే 2025 జూన్ 5న స్విచ్ 2 వచ్చినప్పుడు, పాత ఆటల్లో చాలావరకు ఆడతాయని చెప్పినప్పుడు, నాలుగు రోజుల్లో 35 లక్షలు పోయాయి. అందులో పాతవి ఆడటం వాటా ఎంత అని అడిగితే నేను అంకె చెప్పను. కానీ సున్నా అని ఎవరైనా అంటే పోట్లాడతాను.

ఒక వాదన ఉంది, బలమైనదే. 2017లో సోనీ పెద్ద అధికారి జిమ్ ర్యాన్, అందరూ అడిగే సదుపాయమే గానీ వాడేవాళ్ళు తక్కువ అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ ఏడాదే ఆర్స్ టెక్నికా అనే పత్రిక లెక్క తీస్తే, మైక్రోసాఫ్ట్ వాళ్ళ పెట్టె ఎక్స్‌బాక్స్ వన్ ఉన్నవాళ్ళు పాత ఆటల మీద గడిపింది తమ సమయంలో 1.5 శాతం. దానికి మైక్రోసాఫ్ట్ జవాబు, మా వాళ్ళలో దాదాపు సగం మంది కనీసం ఒక పాత ఆటైనా ఆడారని. రెండూ నిజమే కావచ్చు, గొడవే లేదు.

మీరు కారులో స్టెప్నీ ఎన్నిసార్లు వాడారు? నేను పదకొండేళ్ళలో రెండుసార్లు. నిమిషాల్లో లెక్కేస్తే 1.5 శాతం దరిదాపులకి కూడా రాదు. కానీ షోరూములో స్టెప్నీ లేదంటే మా నాన్నగారు కారు దిగి వచ్చేస్తారు. వాడకం వేరు, అమ్మకం వేరు. కొనే క్షణంలో ఉన్న బెంగని తీసేస్తే చాలు, తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా దాని పని అది చేసేసింది.

కానీ స్టెప్నీ బాగుందని కారు కొంటామా? అదీ లేదు. ఎక్స్‌బాక్స్ వన్ కథ అదే. 2013లో పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ రెండూ పాతవి ఆడకుండానే వచ్చాయి. పీఎస్4కి వంద డాలర్లు తక్కువ. 2015 జూన్‌లో అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ వేదిక మీద, అంతకుముందు తరం పెట్టె ఎక్స్‌బాక్స్ 360 ఆటలు ఆడతాయని ప్రకటిస్తే హాలు దద్దరిల్లింది. నవంబరుకల్లా 104 ఆటలతో మొదలుపెట్టారు. మంచి పని, ఇంజనీర్లకి దండం పెట్టాలి. కానీ అప్పటికే పెట్టె మార్చాల్సినవాళ్ళు మార్చేశారు. పెట్టె బజారులోకి వచ్చిన మొదటి ఏడాదిలో ఇవ్వాల్సిన మందు రెండేళ్ళ తర్వాత ఇస్తే ఏం పడుతుంది? పీఎస్4 తమకంటే రెట్టింపు పైగా అమ్మిందని తర్వాత బ్రెజిల్ అధికారులకిచ్చిన కాగితాల్లో మైక్రోసాఫ్టే రాసింది.

కంపెనీ ఆలోచన కూడా వినాలి కదా. పాత సీడీ మీరు మళ్ళీ ఆడితే వాళ్ళకి పైసా రాదు. ఆడనివ్వకపోతే అదే ఆటకి రంగులు వేసి మళ్ళీ అమ్ముకోవచ్చు. జీటీఏ 5 పీఎస్3లో 2013, పీఎస్4లో 2014, పీఎస్5లో 2022. మూడు తరాలు, ఒకే ఆట. మా ఆఫీసులో ఒకతను మూడుసార్లూ కొన్నాడు. అడిగితే సిగ్గుపడతాడు.

ఇంకో కోణం కూడా ఉంది, నాకు చాలా నచ్చిన పరిశోధన. అమెరికాలో చేతి కన్సోళ్ళ మార్కెట్ మీద ఆర్థికశాస్త్రం వాళ్ళు చేశారు. పాతవి ఆడనిస్తే పాత తరం బలం కొంతవరకు కొత్త తరానికి బదిలీ అవుతుందని తేల్చారు. ఇది మనం అనుకున్నదే. కానీ అదే ఊపులో ఇంకోటి తేలింది, దానివల్ల కొత్త ఆటలు రావడం తగ్గుతుందని. ఎందుకు తగ్గదు? పాతదానికి ఆట చేస్తే పాతవాళ్ళూ కొంటారు, కొత్తవాళ్ళూ ఆడతారు. మరి కొత్తదానికే విడిగా చేసే తలనొప్పి ఎవడు పడతాడు? రెండు తరాల పెట్టెల మధ్య సాంకేతికంగా గెంతు పెద్దదైతే పాతవి ఆడటానికి విలువ తగ్గుతుందని కూడా తేల్చారు. పెంకుటింటి నుంచి డాబాలోకి మారేవాడు పాత కిటికీ తలుపులు పట్టుకెళ్ళడు.

ఇది పీఎస్5 దగ్గర కళ్ళారా చూశాం. పీఎస్4, పీఎస్5 లోపల ఒకే జాతి ప్రాసెసర్లు, అందుకే 2020లో వచ్చిన రోజే పీఎస్4 ఆటలు దాదాపు అన్నీ ఆడేశాయి. మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకి దింపితే దొరక్క జనం కొట్టుకున్నారు. బాగుంది. కానీ అలా అని పెద్ద పెద్ద ఆటలన్నీ చాలాకాలం రెండింటి మీదా వచ్చాయి. ఫలితం? 2024లో, అంటే మూడున్నరేళ్ళ తర్వాత కూడా, నెలనెలా ఆడేవాళ్ళలో సగం మంది పీఎస్4 మీదే ఉన్నారని సోనీయే చెప్పింది. పాతదానికీ కొత్తదానికీ మధ్య గోడ లేకపోతే, ఇటు వచ్చేవాడికి ఎంత సులువో అటే ఉండిపోయేవాడికీ అంతే సులువు.

మా బ్లాకులో ఒకాయన పీఎస్4 అమ్మి పీఎస్5 కొన్నాడు. డిస్కు లేని మోడల్ 39,990, పదివేలు మిగిలిందని మిఠాయి కూడా పంచాడు. పాత ఆటలు ఆడతాయని రూఢి చేసుకున్నాడు కూడా. ఆడతాయి, అబద్ధం కాదు. కానీ ఆయన దగ్గరున్నవి ఇరవై రెండు డిస్కులు. పెట్టెకి డిస్కు పెట్టే నోరే లేదు! ఆయన తప్పే, డబ్బా మీద బొమ్మతో సహా వేసుంది. డిస్కులన్నీ మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఏడెనిమిది వందల చొప్పున అమ్ముకున్నాడు, తర్వాత అవే ఆటలు కొన్ని ఆన్‌లైన్ స్టోరులో మళ్ళీ కొన్నాడు. ఇప్పుడు ఆయన అలమర ఆయన ఇంట్లో లేదు, కంపెనీ దగ్గర ఖాతాలో ఉంది. రేపు పీఎస్6 వస్తే ఆయన వేరే కంపెనీ వైపు చూస్తాడా? సంచిలో సీడీలున్న మదనపల్లె ఆయన కౌంటర్ దగ్గర బేరమాడగలిగాడు. ఖాతాలో ఆటలున్న ఈయన బేరమాడలేడు, అమ్ముకోలేడు, మేనల్లుడికి ఇవ్వలేడు. పాతవి ఆడటం ఒకప్పుడు మనల్ని పిలిచే మాట. ఇప్పుడు అది మనల్ని కట్టేసే పగ్గం కూడా.

వంటగదిలోంచి పులిహోర వాసన వస్తోంది, ఇక ప్రశ్నలు తీసుకుంటాను. చెప్పండి బాబాయిగారూ.

*(ప్రశ్న: మా మనవడు స్కూలు అయిపోతుందని కొత్తది కావాలంటున్నాడు. పాతది ఉంది ఇంట్లో. కొనమంటారా, ఆగమంటారా?)*

ముందు ఒక పని చేయండి బాబాయిగారూ. ఇంటికి ఫోన్ చేసి అలమరలో డిస్కులు ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి. ఇప్పుడే చేయండి, పర్వాలేదు, ఆగుతాం.

...పద్నాలుగా? పేర్లు కూడా చదవమనండి. స్పీకర్ పెట్టండి.

ఫుట్‌బాల్ 19. ఫుట్‌బాల్ 20. ఫుట్‌బాల్ 21... (నవ్వులు) ఆగమ్మా, ఫుట్‌బాల్ మొత్తం ఎన్ని? తొమ్మిదా? బాబాయిగారూ, ప్రతి ఏడూ కొత్తది వచ్చాక నిరుటిది ఎవడూ ముట్టుకోడు. అవి అలమరలో లేనట్టే లెక్క. మిగిలినవి ఐదు. ఆ ఐదింట్లో వాడు మళ్ళీ ఆడేవి ఎన్నో వాణ్ణే అడగండి.

ఏమంటున్నాడు? ఒకటా?

అయితే మీరు ఏ కంపెనీది కొన్నా ఒకటే. ధర చూసుకుని కొనండి. ఆ ఒక్కటీ దేంట్లో ఆడుతుందో మాత్రం నన్ను భోజనాల దగ్గర అడగండి, చూసి చెప్తాను.